బడికి ముందరి వేసవి

(శతవార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమున మాట్లాడువారు గడచిన నూరేండ్లను గూర్చి మాట్లాడుట వాడుక. మాకు అప్పగించిన అంశము అంతకంటె చాలా చిన్నది. వచ్చే జూను నెలలో మొదటిసారి ఒకటవ తరగతి గదిలో అడుగుపెట్టబోయే బిడ్డను, దానికి ముందున్న వేసవి సెలవులలో మన ఇండ్లలోను, మన సంఘములలోను ఎట్లు సిద్ధపరచవలెను అన్నదే ఆ అంశము. మన తెలుగు రాష్ట్రములలో బడులు సాధారణముగా ఏప్రిల్ నాలుగవ వారములో మూసి, జూను రెండవ వారములో తెరుస్తారు. అంటే సుమారు ఏడు వారములు. నూరేండ్ల పండుగలో ఏడు వారముల మాట ఎందుకని ఎవరైనా అనుకొనవచ్చును. ఆ బిడ్డ తరువాతి పదేండ్ల చదువు కొంతవరకు ఈ ఏడు వారముల మీద ఆధారపడి యున్నదని మేము నమ్ముచున్నాము గనుక ఈ మాట ఎత్తుతున్నాము.

ఇది మన చరిత్రకు దూరమైన సంగతి కూడ కాదు. మొదటి తరములలో మన పల్లెలలో వేసిన తాటాకు పాక పగటివేళ బడి, సాయంకాలము ప్రార్థనాలయము. ఉపదేశకుడే పంతులు. పగలంతా చేలలో పనిచేసి వచ్చిన పెద్దలకు అక్కడనే రాత్రి బడి. ఈ సభలో కూర్చున్న మనలో అనేకుల తాతలు, ముత్తాతలు ఆ పాకలో ఇసుక పోసి వ్రేలితో అక్షరములు దిద్దినవారే. పాలేరు బిడ్డ పాలేరుగానే మిగిలిపోకూడదని వారు ఆశపడిరి. ఆ ఆశ నేటికిని అన్ని ఇండ్లలో నెరవేరలేదు.

ఇద్దరు బిడ్డలు

జూను నెలలో ఒకటవ తరగతి గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు బిడ్డలను తలచుకొనుడి. ఒకరి ఇంట తండ్రి ఉద్యోగి, తల్లి చదువుకొన్నది. ఆ బిడ్డ పుట్టినది మొదలు ఇంట్లో పుస్తకమును చూచుచున్నాడు. అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతున్నది. పెన్సిలు పట్టుకొనుట వచ్చును, పేరు అడిగితే చెప్పును. రెండవ బిడ్డ తల్లి తెల్లవారుజామున మట్టిపనికి పోవును. కొన్ని కుటుంబములు ఎండకాలమంతా ఇటుక బట్టీల దగ్గరనే గుడిసె వేసుకొని యుందురు. ఆ బిడ్డను చూచుకొనునది ఎనిమిదేండ్ల అక్క. ఆకలి వేసినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు తప్ప పెద్దవారితో మాటలాడు అవకాశము ఆ బిడ్డకు తక్కువ.

పంతులమ్మ ఇద్దరికీ ఒకే పాఠము చెప్పును. మొదటి బిడ్డకు అది తెలిసినదే. రెండవ బిడ్డకు ఆ గది కొత్త, ఆ వరుస కొత్త, ఆమె పలుకు మాట కూడ కొత్త. మేము సందర్శించిన పల్లెలలో, బడి తెరిచిన నెలకు కూడ ఎవరు అడిగినా తన పేరు చెప్పలేక తల వంచుకొని నిలబడు బిడ్డలను చూచియున్నాము. దసరా సెలవులు వచ్చు నాటికి ఆ బిడ్డకు 'మొద్దు' అను పేరు స్థిరపడును. ఆ పేరు ముందుగా తోటి పిల్లలు పెడతారు, తరువాత ఇంటివారు నమ్ముతారు, చివరకు బిడ్డయే నమ్మును. ఆ బిడ్డ తెలివికి లోటు లేదు. మొదటి బిడ్డకు ఇంట్లో దొరికినది ఆ బిడ్డకు దొరకలేదు, అంతే. బడి తెరువక మునుపే ఆ లోటులో కొంత భాగమును తీర్చగలమా అన్నదే మన ముందున్న ప్రశ్న.

సిద్ధపాటు అనగా ఏమి?

'బడికి సిద్ధము చేయుట' అనగానే మన ఇండ్లలో వెంటనే పలక, బలపము, అ ఆ ఇ ఈ, ఒకటి నుండి నూరు. ఇంకొంచెము స్తోమత యున్నచోట మూడేండ్ల బిడ్డకు ట్యూషను. కూర్చుండుటకే ఓర్పు లేని వయస్సులో పది సార్లు అదే అక్షరము దిద్దించి, దిద్దకపోతే చేతి మీద కొట్టి, చదువు అంటేనే భయము పుట్టించి పంపుచున్నాము. మరికొందరు దీనికి వ్యతిరేకముగా, అంతా బడిలోనే నేర్పుతారు, మనకేమి తెలుసునని ఊరకుంటారు.

చిన్నపిల్లల చదువును గూర్చి లోతుగా ఆలోచించినవారు ఈ రెండు దారులను ఒప్పుకొనలేదు. జర్మనీ దేశములో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడి తెరచి, ఆటయే ఆ వయస్సు పిల్లలకు పని అని చూపించెను. ఇటలీ దేశములో డాక్టరు మరియా మాంటిసోరి 1907లో రోము నగరపు పేదల పేటలో, తల్లిదండ్రులు పనికి పోగా మెట్ల మీద, నడవాలలో తిరుగుచున్న పిల్లల కొరకు తమ మొదటి 'బాలల గృహము'ను ప్రారంభించిరి. ఆ పిల్లలు మన పల్లె కూలీల బిడ్డల వంటివారే. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి అనేకమంది ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చిరి. గుజరాతులో గిజుభాయి బధేకా 1920లో భావనగరములో బాలమందిరము స్థాపించి, దెబ్బలు లేకుండ, కథలతో, ఆటలతో పిల్లలు నేర్చుకొనగలరని ఋజువు చేసిరి. మన దేశపు 2020 జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిది ఏండ్ల వరకు గల కాలమును ఒకే పునాది దశగా ఎంచి, ఆటపాటల మూలముగానే నేర్పవలెనని చెప్పుచున్నది. 2021లో కేంద్ర ప్రభుత్వము ఒకటవ తరగతి పిల్లల కొరకు మూడు నెలల ఆటల కార్యక్రమమును 'విద్యా ప్రవేశ్' అను పేరుతో రూపొందించినది.

వీరందరి అనుభవమును మన మాటలలో చెప్పుకొంటే, బడికి పోవు బిడ్డకు ఐదు సంగతులు కావలెను. మొదటిది నోటి మాట: చూచినది, కావలసినది నాలుగు మాటలలో చెప్పగలుగుట. రెండవది చెవి: మాటలోని ధ్వనులను వేరు చేసి వినగలుగుట. మూడవది చెయ్యి: చిన్న వస్తువును పట్టుకొని, త్రిప్పి, గుండ్రముగా గీయగలుగుట. నాలుగవది లెక్క: ఎక్కువ, తక్కువ, పెద్ద, చిన్న, ఒకదానికొకటి జత తెలిసికొనుట. ఐదవది ధైర్యము: తల్లి కనబడకపోయినను రెండు గంటలు నలుగురితో ఉండి, దాహము వేస్తే అడిగి, తన పని తాను చేసికొనగలుగుట. ఈ ఐదును గల బిడ్డకు అక్షరములు ఒక్కటియు రాకపోయినను భయము లేదు. అక్షరములు నేర్పుటకు పంతులమ్మ ఉన్నది.

వేసవి ఇల్లే పాఠశాల

ఈ ఐదింటికి కొనవలసిన వస్తువులు దాదాపు లేవు. మన ఎండకాలమే వాటిని తెచ్చి ఇంటి ముందర పోయుచున్నది.

చింతపండు కొట్టు దినములలో గింజలు గంపెడు మిగులును. వాటిని ఐదేసి చొప్పున కుప్పలు పెట్టించుడి. వామనగుంటలు ఆడించుడి. గుంటలో నుండి గుంటలోనికి ఒక్కొక్క గింజ వేయుచు పోవు బిడ్డకు, ఒక వస్తువుకు ఒక అంకె అను సంగతి ఎవరును చెప్పకయే తెలియును. నూరు వరకు గడగడ ఒప్పచెప్పుచు, ఏడు గింజలు తెమ్మంటే గుప్పెడు తెచ్చు పిల్లలు మనలో ఎందరో యున్నారు. వారికి అంకెల పాట వచ్చును, లెక్క రాదు. తాటి ముంజలు తెచ్చిన రోజున, ఒక కాయలో ఎన్ని, రెండు కాయలలో ఎన్ని అని అడుగుడి. ఒక్కొక్కప్పుడు మూడుకు బదులు రెండే ఉండును; అప్పుడు బిడ్డ మరల లెక్కపెట్టవలసి వచ్చును, అది ఇంకను మంచిది. ఆవకాయ పెట్టునప్పుడు సోల, తవ్వ, మానిక బిడ్డ చేతికిచ్చి, ఎన్ని సోలల నీళ్లు పోస్తే మానిక నిండునో పోసి చూడుమనుడి. నాలుగు అని తానే కనిపెట్టును. తెలిసిన తరువాత మరచిపోడు.

చేతికి బలము రావలెనంటే బంకమట్టి ముద్దలు చేయించుడి, చిక్కుడు గింజలు ఒలిపించుడి, తాటాకు మడచి గిరక చేయించుడి. మన తెలుగు అక్షరములు చాలమట్టుకు గుండ్రనివి. సున్న చుట్టుట బాగుగా వచ్చిన చేతికి అవి త్వరగా లొంగును. కనుక పలక మీద 'అ' దిద్దించుటకు ముందు ఇసుకలో పెద్ద సున్నలు, చిన్న సున్నలు, సున్నలో సున్నలు గీయించుడి. ఇసుకలో తప్పు పోయినదంతా అరచేతితో చెరిపివేయవచ్చును. కొట్టవలసిన పని లేదు.

చెవికి తర్ఫీదు కావలెనంటే చప్పట్ల ఆట ఆడుడి. 'ఆవు' అంటే రెండు చప్పట్లు, 'మామిడి' అంటే మూడు, 'కొబ్బరికాయ' అంటే ఐదు. రాత్రి ఆరుబయట మంచముల మీద పడుకొన్నప్పుడు, 'ప'తో మొదలగు మాటలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పుడి: పలక, పడవ, పనస, పందిరి. ఈ ఆట ఆడిన బిడ్డ 'ప' అక్షరమును చూచిన నాడు, ఇది నాకు తెలిసినదే అనుకొనును.

ఇక నోటి మాట. దీనికి నాయనమ్మ, అమ్మమ్మలకు మించిన గురువులు లేరు. కథ చెప్పి ఊరకొనక, మరునాడు ఆ కథను బిడ్డ చేత చెప్పించుడి. మధ్యలో కావాలని తప్పు చెప్పి చూడుడి, బిడ్డ లేచి కూర్చుండి దిద్దును. చదువు రాని తల్లి ఇందులో ఎవరికిని తీసిపోదు. సంతకు పోవునప్పుడు ఏమి కొందాము, ఎందుకు కొందాము అని బిడ్డతో మాటలాడుచు నడచిన తల్లి పాఠము చెప్పినట్లే. ఈ దినములలో బిడ్డ ఏడ్చిన వెంటనే సెల్‌ఫోను చేతిలో పెట్టి పని చేసికొనుట అలవాటైనది. ఫోను గంటల తరబడి మాటలాడును గాని, బిడ్డ చెప్పునది వినదు. వినువారు లేని బిడ్డకు మాట రాదు.

తండ్రులకు ఒక మాట. ఇది ఆడవారి పని అని తప్పించుకొనవద్దు. సాయంకాలము ఇంటికి వచ్చిన తండ్రి పదిహేను నిమిషములు బిడ్డతో కూర్చుండి బొమ్మల పుస్తకము తిప్పవచ్చును. నేషనల్ బుక్ ట్రస్టువారు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం వారు తక్కువ వెలకే తెలుగులో బొమ్మల పుస్తకములు అచ్చువేయుచున్నారు. చదువు రాకపోతే బొమ్మ చూపి, ఇదేమిటి, ఇతడెందుకు పరుగెత్తుచున్నాడు అని అడిగినను చాలును.

ఎనిమిది వారముల అనుభవము

ఈ ఆలోచనను ఒక దేశమంతటా ప్రయత్నించి చూచిన సందర్భము ఒకటి కలదు. అమెరికా దేశములో అధ్యక్షుడు జాన్సను ప్రభుత్వము పేదరికము మీద పోరాటము ప్రకటించిన కాలమున, 1965 వేసవిలో 'హెడ్ స్టార్ట్' అను పేరుతో ఎనిమిది వారముల కార్యక్రమమును ప్రారంభించినది. ఆ శరత్కాలములో బడిలో చేరబోవు పేద పిల్లలను చేర్చుకొని, ఆటపాటలతో బాటు భోజనము, వైద్య పరీక్ష, తల్లిదండ్రులతో కలిసి పనిచేయుట అందులో చేర్చిరి. మొదటి వేసవిలోనే ఐదు లక్షలకు పైగా పిల్లలు చేరిరి.

దాని ఫలితమును మేము దాచము. నాలుగేండ్ల తరువాత, 1969లో వెలువడిన పరిశీలనలో, వేసవి మాత్రమే నడిపినచోట్ల పిల్లల మేలు నిలువలేదని తేలినది. వేసవిలో వెలిగించిన దీపము, తరువాత నూనె పోయువారు లేక, కొద్ది కాలములోనే మసకబారినది. ఆ మీదట ఆ కార్యక్రమము క్రమముగా ఏడాది పొడవునా నడుచునదిగా మారినది.

కాబట్టి ఏడు వారములలో అద్భుతములు జరుగునని మేము మీకు చెప్పుట లేదు. వేసవి ఒక తలుపు మాత్రమే. బిడ్డ ఆ తలుపు దాటిన తరువాత ఒకటవ తరగతి ఏడాదంతా ఎవరో ఒకరు ఆ బిడ్డ చెయ్యి పట్టుకొని యుండవలెను. ఆ పని చేయగలవారు ఊరిలో స్థిరముగా నుండువారు. తల్లిదండ్రులు, తాతలు, సంఘము ఊరిలోనే యుందురు గదా!

ఇంటి భాష, బడి భాష

మన పాస్టరేటులలో లంబాడీ తండాలు, కోయ గూడెములు ఉన్నచోట్ల మరియొక సంగతి గమనింపవలెను. ఆ బిడ్డలు ఇంట్లో మాట్లాడు భాష ఒకటి, బడిలో వినబోవు భాష మరియొకటి. పంతులమ్మ 'కూర్చో' అన్నప్పుడు నిలుచున్న బిడ్డ మొండివాడు కాడు; ఆ మాట అతనికి తెలియదు. ఇట్టి బిడ్డల కొరకు వేసవిలో రెండు భాషలు వచ్చిన ఒక అక్కను నియమించవలెను. కథ మొదట వారి భాషలో చెప్పి, తరువాత అదే కథ తెలుగులో చెప్పవలెను. ఇంటి భాషను వెక్కిరించుట గాని, మాన్పించుట గాని ఎంతమాత్రము కూడదు. తల్లి భాషలో బాగుగా మాటలాడు బిడ్డ రెండవ భాషను సులువుగా నేర్చుకొనును. 2020 విద్యావిధానము కూడ సాధ్యమైనంతవరకు కనీసము ఐదవ తరగతి వరకు ఇంటి భాషలో చెప్పవలెనని కోరుచున్నది.

సంఘము చేయదగిన పని

వేసవి సెలవులలో పిల్లలను చేర్చుకొనుట సంఘములకు కొత్త కాదు. న్యూయార్కు నగరములో 1898లో ఎలైజా హాస్ అను స్త్రీ, వీధులలో తిరుగుచున్న పేద పిల్లల కొరకు ఒక బీరు దుకాణపు హాలును అద్దెకు తీసికొని వేసవి బడి నడిపిరి. మనము ఏటేటా నడుపు సెలవుల బైబిలు బడికి అట్టి ప్రయత్నములే మూలము. అయితే మన సెలవుల బడిలో ఐదేండ్ల బిడ్డల సంగతి ఏమగుచున్నది? పెద్ద పిల్లలు పాడుచుండగా వీరు ముందు వరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టి, బిస్కెట్లు తీసికొని ఇంటికి పోవుచున్నారు. ఆ పది దినములలో వారిని వేరుగా కూర్చుండబెట్టి, దానిని ఆరు వారములకు పొడిగించవలెనని మా మనవి.

మా ఆలోచన ఇది. మే నెల ఎండలు మీకు తెలిసినవే గనుక ఉదయము ఏడు గంటలు మొదలుకొని తొమ్మిది వరకే. వారమునకు ఐదు దినములు. ఇరువదిమంది పిల్లలకు మించకూడదు. ఎల్లప్పుడు ఇద్దరు పెద్దవారు హాజరై యుండవలెను. ఒక్కరే యున్న దినమున బడి నడుపకూడదు. స్త్రీల మైత్రివారిలో ఒకరు, కాలేజి సెలవులకు వచ్చిన యౌవనస్థులలో ఒకరు చాలును. దగ్గరలో బావి గాని చెరువు గాని ఉన్నచో దానికి అడ్డు కట్టించిన తరువాతనే పిల్లలను పిలువవలెను. తాగు నీరు, తొమ్మిది గంటలకు ఒక గ్లాసు రాగి జావ తప్పక ఉండవలెను. అన్ని ఇండ్ల పిల్లలకును ప్రవేశముండవలెను. ఎవరు మన సంఘమువారు, ఎవరు కారు అని అడుగవద్దు.

మొదటి వారమంతా పేర్లు తెలిసికొనుట, ఆడుకొనుట, ఏడ్చు బిడ్డ తల్లిని దగ్గర కూర్చుండనిచ్చుట. రెండవ, మూడవ వారములలో కథలు, చప్పట్ల ఆట, మట్టి పని. నాలుగవ, ఐదవ వారములలో గింజల లెక్క, ఇసుకలో గీతలు, తన పేరును గుర్తుపట్టుట. ఆరవ వారములో తల్లిదండ్రులతో కలిసి ఊరి బడికి నడచిపోయి, గది ఎక్కడ, కుళాయి ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ అని చూపించవలెను. వీలుంటే ప్రధానోపాధ్యాయులను ముందుగా కలిసి, పంతులమ్మ ఆ పూట వచ్చి పిల్లలతో కాసేపు కూర్చుండునట్లు కోరవలెను.

ఈ ఆరు వారములలోనే మరి రెండు పనులు జరుగవలెను. ఒకటి, బిడ్డ చూపు, వినికిడి పరీక్ష చేయించుట. వెనుక నుండి పిలిస్తే తిరుగని బిడ్డను పెంకితనమని కొట్టక, ఆసుపత్రికి తీసికొని పోవలెను. ఐదారు ఏండ్ల మధ్య వేయవలసిన డీపీటీ బూస్టరు టీకా కూడ అప్పుడే చూచుకొనవచ్చును. రెండవది కాగితములు. జనన ధృవపత్రము లేదని భయపడి ఇంట్లో ఉంచుకొన్న తల్లిదండ్రులున్నారు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము వయస్సు ధృవపత్రము లేదను కారణమున బిడ్డను బడిలో చేర్చుకొనకుండ ఉండకూడదు. చేర్చుకొనుటకు బిడ్డకు గాని, తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టుట కూడ ఆ చట్టము నిషేధించినది. ఈ సంగతి తెలియని ఇంటికి పోయి తెలియజేయుట మన పని.

జూను నెలలో బడి తెరచిన తరువాత ఆ ఇరువదిమందిని విడిచిపెట్టకూడదు. శనివారము సాయంకాలము ఒక గంట వారిని అదే గదిలో కూర్చుండబెట్టి, ఆ వారము బడిలో ఏమి జరిగినదో చెప్పించుకొనుడి. ఏ బిడ్డ రెండు వారములు బడి మానినాడో ఆ ఇంటికి సంఘ పెద్ద ఒకరు పోవలెను. అమెరికా అనుభవము మనకు నేర్పిన పాఠము ఇదియే.

ఖర్చు సంగతి అడుగుతారు. జావకు రాగులు, పాతిక పలకలు, కొన్ని బొమ్మల పుస్తకములు, ఇసుక, చింతగింజలు. ఈ ఉత్సవములకు వేసిన పందిళ్ల ఖర్చులో కొద్ది భాగము చాలును.

కనుక ఈ సభ ముగియక మునుపే ప్రతి పాస్టరేటు కమిటీవారిని మేము కోరునది మూడే సంగతులు. మీ ఊరిలో వచ్చే జూనుకు ఒకటవ తరగతిలో చేరవలసిన బిడ్డల పేర్లు ఇల్లిల్లు తిరిగి వ్రాసికొనుడి. ఇటుక బట్టీలకు పోయిన కుటుంబముల పేర్లు మరువవద్దు. ఆ పని ఒప్పుకొను ఇద్దరి పేర్లు నిర్ణయించుడి. ఏప్రిల్ ఆఖరునకు గుడి పక్క గదిని ఊడ్పించి, తాళపుచెవి వారి చేతికి ఇయ్యుడి. మిగిలినది ఆ పిల్లలే మీకు నేర్పుతారు.